మొదటి పాట పాడని గిటార్లు

"సాయంత్రం నాలుగు గంటలకు కృపావరం సంతకం పెడతాడు. పెట్టగానే లారీ కదులుతుంది. రేపు ఓడరేవులో సరుకు పట్టుబడితే జైలుకెళ్లేది కృపావరమే. ఆ లోపే నువ్వు ఆపాలి. క్లియర్?"

"క్లియర్ సార్. వారెంట్ సంగతి?"

"ఫైలు కదులుతోంది."

"మూడు వారాల నుంచి కదులుతోంది సార్."

"కదులుతోందంటే ఆగలేదనేగా అర్థం?"

ఫోన్లో డిప్యూటీ డైరెక్టర్ మోహన్‌కృష్ణ గొంతులో ఏ తొందరా లేదు. గిద్దలూరు బస్టాండు పక్కన టీ అంగడి వెనక నిలబడి వింటున్న ఏజెంట్ మాల్యాద్రికి పళ్లు కొరుక్కోవడం తప్ప చేయగలిగింది లేదు. టైము తొమ్మిది.

కేసు చెప్పుకోవడానికి చిన్నదే. ఓరియన్ ఆక్టేవ్ అనే విదేశీ కంపెనీ గిద్దలూరులోని 'కృపా గిటార్స్'ను కొంటోంది. ఒక రేకుల షెడ్డు, ఎనిమిది మంది పనివాళ్లు, నెలకు పది గిటార్లు, ఎక్కువగా చర్చిలకు. అంత పెద్ద కంపెనీకి ఇంత చిన్న షెడ్డు ఎందుకు? ఎందుకంటే ఆ కంపెనీ వెనక ఉన్నది ఎర్రచందనం ముఠా. దుంగలుగా పంపితే పట్టుకుంటారు. గిటార్ల కడుపులో దాచి, మంచి పేరున్న పాత వ్యాపారి సంతకంతో పంపితే చెక్‌పోస్టులో సలాం కొట్టి పంపిస్తారు.

నిరుడు పొదిలి రోడ్డులో ఇలాంటి కేసే. సూత్రధారులు విమానమెక్కారు. కాగితం మీద సంతకం ఉన్న పాపానికి ఒక ముసలి లారీ ఓనరు లోపలికి పోయాడు. కోర్టు మెట్ల మీద ఆయన కూతురు మాల్యాద్రిని ఒక్క మాట కూడా అనలేదు. అన్నా బాగుండేదని అతనికి ఇప్పటికీ అనిపిస్తుంది.

"గ్యాడ్జెట్ అందింది కదా?" అన్నాడు మోహన్‌కృష్ణ.

అందింది. చూడ్డానికి గిటార్ ట్యూనర్. లోపల కెమెరా. ఆన్ చేయాలంటే ఓటీపీ కావాలి. ఆ ఓటీపీ పోయేది వైజాగ్‌కు ట్రాన్స్‌ఫరైన ఆఫీసర్ నంబరుకు.

"రిక్వెస్ట్ పెట్టాం. వస్తుంది. ఇంకోటి, కంపెనీ లోపల మన మనిషి ఉంది. పేరు రమణి. డీల్ నడిపేది ఆమే. కోడ్ గుర్తుందిగా?"

"ఉంది సార్."

"ఆల్ ది బెస్ట్."

*

షెడ్డు రైలు పట్టాలకు అవతల, సన్నటి సందు చివర ఉంది. మాల్యాద్రి నీలం టై సర్దుకుని, భుజాన తీగల బ్యాగు తగిలించుకుని లోపలికెళ్లాడు. విజిటింగ్ కార్డులో అతని పేరు సంజయ్, మెలోడీ స్ట్రింగ్స్, హైదరాబాద్. ఈ వేషానికి అయిదు వారాల ట్రైనింగు ఇచ్చారు.

గుమ్మం దగ్గర ఉప్పుకాగితం ముక్కలు కత్తిరిస్తున్న కృపావరం భార్య సంతోషమ్మ తలెత్తింది.

"ఏ ఊరు నాయనా?"

"హైదరాబాదండీ."

"సరేలే. అంతకు ముందు?"

"అంతకు ముందూ హైదరాబాదేనండీ."

"ఎండలో వచ్చినావు. మజ్జిగ తాగుతావా?"

"ఎందుకులే అత్తా, ఇప్పుడే టీ తాగినా గదా."

అనేశాక నాలుక కరుచుకున్నాడు. సంతోషమ్మ కళ్లు చిన్నవి చేసి నవ్వింది.

"పామూరు దిక్కు. అవునా? మీ నాయన ఏం జేస్తాడు?"

"...గొర్రెలు కాస్తాడు."

"అట్ల చెప్పు. టై కట్టుకున్నావని నేనెవురో అనుకున్నా."

అయిదు వారాల ట్రైనింగు రెండు నిమిషాల్లో మజ్జిగలో కలిసిపోయింది. మిగిలింది కార్డు మీది దొంగ పేరొక్కటే.

లోపల వేపచెక్క, పనసచెక్క పొట్టు వాసన. పడగొట్టిన ఇళ్ల పాత టేకు తలుపులు గోడకు ఆనించి ఉన్నాయి. వాటితోనే గిటార్ల మెడలు చేస్తారు. అరవై దాటిన కృపావరం ఒక కొత్త గిటార్‌కు తీగలు బిగిస్తున్నాడు. ఆయన చెయ్యి ఎత్తగానే పనివాళ్లందరూ ఉలులు, రంపాలు కింద పెట్టి లేచి నిలబడ్డారు.

"ఏంది అత్తా ఇది?" మాల్యాద్రి గుసగుసగా అడిగాడు.

"మొదటి పాట. ఇది కాకుండా ఈ గడప దాటి ఏ గిటారూ పోదు. ముప్పై ఏండ్ల నుంచి అంతే."

కృపావరం ఒక్క చరణం వాయించాడు. చెవి గిటార్ పెట్టె మీద ఆనించి చివరి మోత ఆగిపోయేదాకా విన్నాడు. తల ఊపాడు. పెన్సిల్ తీసి, పెట్టె లోపల అంటించిన చీటీ మీద తన పేరు రాశాడు. అప్పుడుగానీ పనివాళ్లు కూర్చోలేదు.

గోడకు ఏడు గిటార్లు వేలాడుతున్నాయి. చూడ్డానికి బాగానే ఉన్నాయి.

"అవి అమ్మలేదేంది మామా?"

"అవి పలకలేదబ్బాయా. పలకనిదాని మీద నా పేరు రాసి చర్చికి పంపితే, ఆదివారం పూట అందరూ నన్ను తలుచుకుంటారు. మంచిగా కాదు."

"మరి కంపెనీకి ఎందుకు అమ్ముతుండావు?"

కృపావరం వేళ్లు చాపి చూపించాడు. సన్నగా వణుకుతున్నాయి. "ఇంకెన్నాళ్లు? వాన వస్తే రేకులు కారతాయి. వీళ్లు ఎనిమిది మంది. పేరు మార్చరంట, పనోళ్లను తియ్యరంట. రాసిచ్చినారు."

మాల్యాద్రికి నిజం చెప్పేయాలని గొంతుదాకా వచ్చింది. ఆధారం లేకుండా నోరు విప్పితే ముఠా జారుకుంటుంది, విప్పొద్దని ఆర్డరు. మింగేశాడు.

*

పదింటికి తెల్ల కారు సందులోంచి గేటు లోపలికి వచ్చింది. దిగినామె మిరపపండు రంగు చీర, నల్లకళ్లద్దాలు, నడిచిన దారంతా అత్తరు. ఉలులన్నీ ఒక్క క్షణం ఆగాయి.

మాల్యాద్రి బ్యాగు తెరుస్తూ దగ్గరికెళ్లాడు. "మేడమ్, ఈ చుట్టుపక్కల ఆరో తీగ ఎక్కడ దొరుకుతుంది?"

ఆమె కళ్లద్దాలు తీసింది. "తెగినదైతే నా దగ్గరే ఉంది."

కోడ్ సరిపోయింది. రమణి గొంతు తగ్గించింది. "సరుకు ఇక్కడికి రాదు. కురిచేడు స్టేషన్ ఎదురుగా ప్రైవేటు గోడౌన్. పన్నెండు బస్తాలు. ఫోటోలు తియ్యి, డీల్ నేను ఆలస్యం చేస్తాను. త్వరగా."

వంద కిలోమీటర్లకు కాస్త తక్కువ. మాల్యాద్రి బండి ఎక్కాడు. కంభం దాటేసరికి టై గాలికి ఎగిరి మొహానికి కొడుతుంటే లాగి పొలంలోకి విసిరేశాడు.

పన్నెండున్నరకు గోడౌన్ వెనక కిటికీలోంచి దూరాడు. మొదటి బస్తా కోశాడు. ఎండుమిరపకాయలు. రెండోది కోశాడు. ఎండుమిరపకాయలు. మూడోది కోసేలోపు తుమ్ములు మొదలయ్యాయి. పదకొండో తుమ్ముకు మెడ మీద కర్ర పడింది.

"దొరికినాడ్రా!" అన్నాడు వాచ్‌మన్ కాశయ్య.

"ఆగు మామా, నేను గవర్నమెంటు..."

"గవర్నమెంటోడు కిటికీలోంచి వస్తాడా?"

కుర్చీకి కట్టేశాడు. గంటకు పైగా కూర్చోబెట్టాడు. మాల్యాద్రి తన జేబులోని ఫోన్ తీయించి, అందులో అసలు ఐడీ కార్డు ఫోటో అక్షరం అక్షరం చదివించాక గానీ కాశయ్య కట్లు విప్పలేదు.

"నాదేం తప్పు నాయనా? నిన్న ఒకామె కార్లో వచ్చింది. మిరపపండు చీర. నీలం టై కట్టుకున్నోడు వస్తాడు, దొంగ, సాయంత్రం దాకా వదలొద్దని చెప్పి పోయింది. టై లేకపోయేసరికి నాకూ అనుమానం కొట్టిందిలే."

నిన్ననే చెప్పిందంటే, తన టై రంగుతో సహా ఆమెకు ముందే తెలుసు. మాల్యాద్రి మోహన్‌కృష్ణకు ఫోన్ చేశాడు.

"సార్, రమణి వాళ్ల మనిషి. డబుల్ గేమ్."

"రాతపూర్వకంగా పెట్టగలవా?"

ఫోన్ పెట్టేశాడు. పెట్టలేదు, దాదాపు విసిరేశాడు. కృపావరం నంబరుకు కలిపాడు. రెండు రింగులకే ఎత్తారు.

"చెప్పండి సంజయ్ గారూ," అంది రమణి. "డీల్ క్లోజింగ్ కదా, అందరి ఫోన్లూ నా దగ్గరే ఉన్నాయి. తుమ్ములు తగ్గాయా?"

*

మూడూ యాభైకి సందు మొదట్లో బండి పెట్రోలు అయిపోయి ఆగింది. పరుగెత్తాడు.

లారీ గేటుకు అడ్డంగా నిలబడి ఉంది. వెనక నలభై పొడుగాటి అట్టపెట్టెలు. ప్రతిదాని మీదా 'కృపా గిటార్స్, గిద్దలూరు' అని రంగుల్లో ముద్ర. లోపల బల్ల మీద కాగితాలు. పైన అమ్మకం పత్రం, కింద ఆ నలభై పెట్టెలను ఓడరేవుకు పంపే పత్రం. కృపావరం చేతిలో పెన్ను.

"మామా, ఆగు!"

రమణి నవ్వింది. "కృపావరం గారూ, ఈయన పేరు సంజయ్ కాదు. మెలోడీ స్ట్రింగ్స్ అనే కంపెనీయే లేదు. పోటీ కంపెనీ పంపిన మనిషి. అడగండి."

కృపావరం తలెత్తాడు. "నిజమేనా అబ్బాయా? అబద్ధం చెప్పినావా?"

వారెంట్ లేదు. కెమెరా పనిచేయదు. ఆధారం లేదు. చొక్కా నిండా మిరపపొట్టు. ఫోన్లో ఐడీ కార్డు చూపిస్తే రమణి అదీ దొంగదే అంటుంది, వారెంట్ కాగితం అడుగుతుంది. చూపించడానికి తుమ్ములు తప్ప ఏమీ లేవు.

"చెప్పినాను మామా. నా పేరు మాల్యాద్రి. పేరు దొంగది, తీగలు మంచివే."

సంతోషమ్మ చెంగుతో నోరు మూసుకుంది. పనివాళ్లలో ఒకడు ఉలి పట్టుకుని ముందుకొచ్చాడు.

"ఇంకేముంది, సంతకం పెట్టండి," అంది రమణి.

పెన్ను కాగితాన్ని తాకింది. 'కృ' పడింది.

అప్పుడు మాల్యాద్రి లారీ వైపు చూశాడు.

"పెట్టు మామా. నేనడ్డం రాను. ఒక్క మాట చెప్పి పెట్టు. ఆ లారీలో నీ పేరుతో నలభై గిటార్లు ఉండాయి. మొదటి పాట అయిందా వాటికి?"

పెన్ను ఆగింది.

"ఏ గిటార్లు?" కృపావరం గొంతు మారింది. "ఖాళీ పెట్టెలని గదా చెప్పినావమ్మా?"

"చెన్నై యూనిట్ శాంపిల్స్ సర్. బ్రాండింగ్ కోసం. జస్ట్ ఫార్మాలిటీ."

"నా పేరు రాసినారా వాటి మీద?"

"ప్రింట్ చేశాం."

"ప్రింటు!" ఆ మాటను ఆయన ఉమ్మేసినట్టు అన్నాడు. "దింపండ్రా."

"సర్, టైమ్ నాలుగు..."

"ముప్పై ఏండ్లుగా పాస్టరు గారు అడిగినా పాట కాకుండా ఇయ్యలేదు. నువ్వెంత? దింపండి!"

ఒక పెట్టె దిగింది. మాల్యాద్రి గిటార్ తీసి చేతులతో ఎత్తి తూచాడు. చిన్నప్పుడు నాయన వెంట వందల గొర్రెపిల్లల్ని ఎత్తిన చేతులవి. మంచి గిటారంటే ఈనిన రోజు గొర్రెపిల్ల బరువుంటుంది. ఇది పాలు తాగి నెల దాటిన పిల్లలా ఉంది.

కృపావరం శ్రుతి చేశాడు. పనివాళ్లు లేచి నిలబడ్డారు, అలవాటు కొద్దీ. మొదటి మీటు మీటాడు.

తడిసిన అట్ట మీద తట్టినట్టు, టప్‌మంది. అంతే. మోత లేదు.

ఆయన గిటార్ రంధ్రానికున్న రబ్బరు మూత పీకి చెయ్యి పెట్టాడు. లోపల ఖాళీ లేదు. ఉలితో ఒక పొర గీరాడు. పాలిష్‌లో కలిపే స్పిరిట్‌తో గుడ్డ తడిపి అక్కడ రుద్దాడు. తెల్లగుడ్డ నెత్తురు రంగుకు తిరిగింది. వడ్రంగికి ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

"ఎర్రచందనం," అన్నాడు. ఆ వెంటనే కాగితం మీది 'కృ' వైపు చూసి, రెండు చేతులతో దాన్ని చింపాడు. చేతులు వణకలేదు.

రమణి అప్పటికే కార్లో ఉంది. కానీ గేటుకు అడ్డంగా లారీ ఉంది. డ్రైవరు, వాళ్ల ముఠా మనిషే, గుడ్డ ఎర్రబడగానే తాళంచెవితో సహా పట్టాల మీద పరుగు తీశాడు. పనివాళ్లు ఎనిమిది మందీ కారు చుట్టూ చేరారు. ఆమె అయిదు నిమిషాలు హారను కొట్టింది. సంతోషమ్మ కారు అద్దం తట్టి, "మజ్జిగ తాగుతావా?" అని అడిగింది.

*

ఆరింటికి అధికారులొచ్చి రమణినీ, నలభై పెట్టెలనూ తీసుకెళ్లారు. ఆరూ పదికి మాల్యాద్రి ఫోన్‌కు ఓటీపీ వచ్చింది. ఆరూ పావుకు మోహన్‌కృష్ణ.

"ఎక్సలెంట్. ఎలా బయటపెట్టావు?"

"మొదటి పాట సార్."

"అలా రాస్తే ఎవరూ నమ్మరు. టెక్నికల్ సర్వైలెన్స్ అని రాయి."

మాల్యాద్రి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. షెడ్డు రేకులు ఇంకా కారతాయి. కొనేవాళ్లు పోయారు. ఎనిమిది మంది మాత్రం, ఏమీ జరగనట్టు, సగంలో ఆపిన పనికి కూర్చున్నారు.

"అల్లుడా, కేసు సరేలే," అంది సంతోషమ్మ బ్యాగు వైపు చూస్తూ. "ఆ తీగల సంగతేంది? మంచివే అన్నావు గదా."

పన్నెండు సెట్లు. గవర్నమెంటు ఆస్తి. తిరిగి అప్పగించాలి. మాల్యాద్రి బ్యాగు మొత్తం బల్ల మీద బోర్లించాడు.

ఆ రాత్రి రిపోర్టులో చివరి వాక్యం ఇది: "విధి నిర్వహణలో పన్నెండు సెట్ల తీగలు తెగిపోయినవి." వాటిలో మొదటి సెట్టు మాత్రం, రిపోర్టు పూర్తయ్యేలోపే, షెడ్డులో అందరూ లేచి నిలబడగా నిక్షేపంగా పలికింది.