పొడుగమ్మాయి నేర్చిన మర్యాద

ఉదయం ఏడు కావస్తోంది.

"పాపా, పాలు పొంగుతున్నాయని మీ అమ్మతో చెప్పు," అంది అత్తగారు, కోడలికి రెండడుగుల దూరంలో నిలబడి.

"నాకూ కళ్ళున్నాయని మీ నానమ్మతో చెప్పు," అంది కోడలు పొయ్యి కట్టేస్తూ.

నాలుగేళ్ళ పాప అటొకసారి, ఇటొకసారి చూసి, "ఇద్దరికీ చెప్పేశా," అని ఆటకు పారిపోయింది.

ఇంటికి ఈ జబ్బు పట్టుకుని రెండు నెలలైంది. పెళ్ళితో ఆగిపోయిన చదువు మళ్ళీ మొదలుపెట్టి పరీక్షకు ఫీజు కడతానంది కోడలు. "మరి పిల్లనెవరు చూస్తారు?" అంది అత్తగారు. మాటా మాటా పెరిగి, చివరికి మాటలే లేకుండా పోయాయి.

పై దేశం నుంచి ఒక విద్యార్థిని వచ్చి మేడమీద గదిలో దిగింది కూడా ఆ వారమే. ఇంట్లోవాళ్ళ మధ్యే తిరుగుతూ, వాళ్ళ మాటలు వింటూ భాష నేర్చుకోవాలి. తన భాషలో ఒక్క ముక్క మాట్లాడకూడదు. అదీ వాళ్ళ విశ్వవిద్యాలయం షరతు. వచ్చిన రోజే గుమ్మానికి తల కొట్టుకోవడంతో పాప ఆమెకు పొడుగమ్మాయి అని పేరు పెట్టేసింది. ఇప్పుడామె బేరానికి దిగితే కూరగాయలతను దణ్ణం పెట్టేస్తున్నాడు.

ఆ రోజు పదింటికి పొడుగమ్మాయికి భాషలో పరీక్ష పెట్టడానికి ఆమె టీచరు ఇంటికే వచ్చింది. ఇందులో తప్పితే తిరుగు ప్రయాణమే. ఏడాది చదువూ గంగలో కలిసినట్టే.

"ఇక్కడ బాగుందామ్మా?" అనడిగింది టీచరు.

పొడుగమ్మాయి పాప వైపు తిరిగింది. "పాపా, చాలా బాగుందని టీచరుగారితో చెప్పు."

టీచరు కళ్ళజోడు సర్దుకుంది. "నాతోనే చెప్పొచ్చుగా?"

"పాపా, పెద్దవాళ్ళతో నేరుగా మాట్లాడటం మర్యాద కాదని చెప్పు. ఈ ఇంట్లో అత్తాకోడళ్ళకి ఒకరంటే ఒకరికి ఎంత గౌరవమో! రెండు నెలల్లో ఒక్కసారి కూడా నేరుగా మాట్లాడుకోలేదు."

కోడలు తల దించుకుంది. అత్తగారు గోడకేసి చూస్తూ కూర్చుంది.

టీచరు నవ్వు ఆపుకుంది. "భాష బాగా వచ్చింది, మాట్లాడటమే రాలేదు. మొహం చూసి మాట్లాడకపోతే మార్కులెలా వెయ్యను? నాలుగింటికి మళ్ళీ వస్తా. అదే ఆఖరు."

ఆమె గేటు దాటగానే పొడుగమ్మాయి కళ్ళనిండా నీళ్ళు. "నేను తప్పు నేర్చుకున్నానా?"

"నీ తప్పేం లేదమ్మా. పాపా, మీ నానమ్మతో..." అంటూ ఆగిపోయింది కోడలు. అత్తగారి వైపు తిరిగి, "అత్తయ్యా, ఇది మన నిర్వాకం," అంది.

"మన అంటావేం? ముందు మూతి ముడిచింది నువ్వు!"

"నా చదువు మీద నీళ్ళు పోసింది మీరు!"

"పిల్లనెవరు చూస్తారన్నాను. మీరు చూడండత్తయ్యా అని ఒక్కసారైనా అడిగావా?"

నిజమే, కోడలు అడగలేదు. అత్తగారు కాదంటుందేమోనని భయం. ఆ భయంతోనే రెండు నెలలూ వేగిపోయింది.

"అడిగితే చూస్తారా?"

"అడిగి చూడు."

"పాపని చూస్తారా అత్తయ్యా?"

"చూడక ఛస్తానా!"

పొడుగమ్మాయి కళ్ళు తుడుచుకుంది. "నేరుగా మాట్లాడటమంటే ఇదా? ఇంత గట్టిగానా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, పొట్టలు పట్టుకుని నవ్వారు. మధ్యాహ్నమంతా ముగ్గురూ ఎదురెదురుగా కూర్చుని ఒకటే కబుర్లు.

నాలుగింటికి టీచరు ఒక ప్రశ్న వేసింది. పొడుగమ్మాయి ఆమె కళ్ళలోకి చూస్తూ మొదలుపెట్టిన మాటలు అయిదింటికి గానీ ఆగలేదు. "చాలు తల్లీ, పాసయ్యావు, నన్ను వెళ్ళనీ," అంటూ టీచరు లేచింది.

పొడుగమ్మాయి పాపనెత్తుకుని గిర్రున తిప్పింది. ఆ సందట్లో అత్తగారు కోడలి దగ్గరికొచ్చింది. "నీ పరీక్ష ఫీజుకి గడువెప్పుడు?"

"ఎల్లుండి."

"ఎల్లుండి దాకా కూర్చుంటావా? కాగితాలు తీసుకో. ఆఫీసు ఆరింటి దాకా ఉంటుందిగా, పద."

కోడలు గబగబా బీరువా తెరిచింది. కాగితాలు చేతిలోనే ఉన్నా, కన్నీళ్ళకు కనబడక చాలాసేపు వెతికింది.