మెమరీలో పదకొండు పేర్లు

ఆళ్లగడ్డ బస్టాండులో పొద్దున ఎనిమిదింటికి టీ తాగుతున్న వేరుశెనగ దళారీ, గ్లాసు చేతిలో ఉండగానే పక్కకు ఒరిగిపోయాడు. గుండె ఆగిందన్నారు జనం. మెడ కింద సూది గుచ్చిన గుర్తు ఎవరికీ కనబడలేదు. నిజానికి అతను దళారీ కాదు. దేవదానం, కేంద్ర గూఢచారి శాఖలో పన్నెండేళ్లు పనిచేసిన మనిషి. అది 1988 ఏప్రిల్.

గంట తిరక్కముందే నంద్యాల లాడ్జి గదిలో చీఫ్ రాజరత్నం, ఏజెంట్ యేసురత్నాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"మన ఏజెంట్ల లిస్టు పోయింది. పన్నెండు పేర్లు, కోడ్‌లో, ఒకే ఫ్లాపీ మీద. తీసుకుపోయింది ఉమామహేశ్వరమ్మ."

"మన డిపార్ట్‌మెంట్ ఉమామహేశ్వరమ్మేనా సార్?"

"మన జీతం, విదేశీ ముఠా జీతం రెండూ తిన్న మనిషి. బేరం చెడుతుందని ముఠాను కూడా కాపీ తియ్యనివ్వలేదు. ఆళ్లగడ్డ దగ్గర నూనె మిల్లులో కంప్యూటర్ పెట్టి కోడ్ విప్పుతోంది. నిన్న విప్పిన పేరు దేవదానం."

"మిగతా పదకొండు?"

"అందులో మీ తమ్ముడు పౌలు ఉన్నాడు."

పౌలును వేలు పట్టి ఈ ఉద్యోగంలోకి తెచ్చింది యేసురత్నమే. వాడికేమన్నా అయితే తల్లికి ఏ మొహం చూపించాలి?

"కంప్యూటర్ నత్తనడక నడుస్తోందని ఇక్కణ్ణుంచి మెకానిక్‌ను పిలిపించింది" అన్నాడు రాజరత్నం. "వాడు మన కస్టడీలో ఉన్నాడు. వాడి బదులు నువ్వు. ముందే మేం దూకితే కోడ్ మొత్తం రేడియోలో అవతలికి పంపేస్తుంది. మిల్లు జనరేటర్ ఆపు, రేడియో చస్తుంది. చప్పుడు ఆగిన మరుక్షణం మేం లోపలుంటాం."

చేతికొక స్క్రూడ్రైవర్ ఇచ్చాడు. పిడిలో అయస్కాంతం. ఫ్లాపీకి తాకిస్తే అందులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది.

మిల్లు గేటు దగ్గర తెల్లచొక్కావాడు అడిగాడు: "విత్తనకాయలు తడిసినాయా?"

"తడవలేదు. ముక్కిపోయినాయి." మెకానిక్ దగ్గర రాబట్టిన గుర్తుమాట అప్పజెప్పాడు యేసురత్నం.

గేటు తెరుచుకుంది. షెడ్డులో జనరేటర్ దడదడలాడుతోంది. ఇంజను నడిపే ఓబులేసు గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. లోపల జరిగేదేమిటో పాపం అతనికి తెలియదు.

"కరెంటు లేదా అన్నా?" పలకరించాడు యేసురత్నం.

"సాయంత్రం దాకా కోతేనప్పా. ఇంజను మీదే నడుపుతాండాం." ఓబులేసు గొంతు తగ్గించాడు. "పోయిన నెల ఇట్లే నడుపుతాంటే ఈ కరెంటు ఎదురెక్కి బయట తీగల్లోకి పోయింది. స్తంభం మీద లైన్‌మన్ జకరయ్య ఉండె. నేనే దింపినా శవాన్ని. ఆ పొద్దు నుంచి కూడు సయించదు."

"మాటలు చాలు ఓబులేసూ" అని తెల్లచొక్కావాడు యేసురత్నం వీపు మీద చెయ్యి వేసి లోపలికి నెట్టాడు.

పట్టుచీర, నల్లకళ్లద్దాలు, గది నిండా సెంటు వాసన. ఉమామహేశ్వరమ్మ పనిచేసిందంతా ఢిల్లీ ఆఫీసులోనే. యేసురత్నాన్ని ఎప్పుడూ చూడలేదు. "నిన్న ఒక్క పేరుకు పగలంతా పట్టింది. గంటలో పదకొండూ రావాలి. రాకపోతే నువ్వు నంద్యాల మళ్లీ చూడవు" అంది చల్లగా.

అతను తెర ముందు కూర్చున్నాడు. "మెమరీ ఆరువందల నలభై కిలోబైట్లు ఉంది మేడమ్. మీ ప్రోగ్రాం దాన్ని వాడుకోవడంల్యా. ప్రతి అక్షరానికీ ఫ్లాపీ దాకా పోయొస్తాంది. ఒక్కో కాయకూ గోదాముకు నడిచి ఒలిచినట్టుంది. మూట తెచ్చి ముందర పోసుకుంటే సరి."

సెట్టింగుల ఫైలు తెరిచాడు. చదివింది దాచుకునే బఫర్లు రెండే ఉంటే ఇరవై చేశాడు. మెమరీలో కొంత విడదీసి దాన్నే ఒక డిస్కుగా మార్చాడు. లిస్టునూ, విప్పే పేర్లనూ అందులోకి మళ్లించాడు. ఫ్లాపీ బయటికి తీసి, స్క్రూడ్రైవర్ పిడి దాని మీద ఒకసారి ఆనించి, కవర్లో పెట్టి వినయంగా ఆమెకిచ్చాడు.

అయిదు నిమిషాలకు తెర మీద, విప్పిన పేర్ల లెక్కగా, ఒకటి అంకె పడింది. మరో అయిదుకు రెండు.

"ఇన్నాళ్లూ ఎక్కడున్నావయ్యా" అని నవ్విందామె. "పేర్లు కనబడవేం?"

"పదకొండూ అయినాక ఒకేసారి ఫ్లాపీ మీద రాస్తాది. మధ్యలో రాస్తే మళ్లా నిదానమే."

అంతవరకు బాగానే ఉంది. నీళ్లు తాగొస్తానని లేచి షెడ్డుకు పోదామంటే, తెల్లచొక్కావాడి పిస్తోలు మెడకు ఆనింది. "నీళ్లు ఇక్కడికే వస్తాయి. కూర్చో."

ఏడు. ఎనిమిది. ఎంత పని చేశాడు. తమ్ముడి చావును తన చేత్తోనే ఉరుకులు పెట్టించాడు. తొమ్మిది. పది పడగానే ఆమె రేడియో స్విచ్ వేసి, కొత్త ఫ్లాపీ చేతిలోకి తీసుకుంది.

కిటికీలోంచి బయట కరెంటు స్తంభం కనబడుతోంది. యేసురత్నం చివ్వున లేచి షెడ్డు వైపు గొంతు చించుకున్నాడు.

"ఓబులేసన్నా, స్తంభం మీద మనిషి ఉండాడు. ఆపు."

ఉమామహేశ్వరమ్మ తల తిప్పి స్తంభం వైపు చూసింది. దాని మీద కాకి కూడా లేదు. ఆమె చూసింది, కానీ ఓబులేసు చూడలేదు. జకరయ్యను మోసిన చేతులవి, ఆ మాట చెవిన పడగానే ఇంజను ఆపేశాయి.

తెర మీద పదకొండు అంకె మెరిసింది, అంతలోనే తెర నల్లబడింది. కరెంటుతోపాటే మెమరీలోని పేర్లన్నీ చెరిగిపోయాయి. రేడియో మూగబోయింది. పిస్తోలు పేలి యేసురత్నం భుజం చీలింది. రెండో గుండు పేలేలోపు తలుపు విరిగిపడింది. తెల్లచొక్కావాడు రాజరత్నం తూటాకు నేలకూలాడు.

చేతులకు బేడీలు పడుతుంటే ఉమామహేశ్వరమ్మ అంది: "అసలు ఫ్లాపీ ఇంకా ఉంది. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో చదువుతారు."

"చదవమనండి మేడమ్. తుడిచిన పలకే అది."

ఇంతలో ఓబులేసు రొప్పుతూ వచ్చాడు. "యాడప్పా మనిషి? స్తంభం మీద ఎవరూ ల్యారే."

యేసురత్నం నెత్తురోడుతున్న భుజాన్ని అదిమి పట్టుకున్నాడు.

"పన్నెండు మంది ఉండిరన్నా. ఒకాయన పొద్దున్నే పడిపోయినాడు. తక్కినోళ్లను నువ్వు దింపినావు."