రెక్కల నట్టు

హారన్!

ఎదురుగా లారీ... హెడ్‌లైట్లు కళ్ళల్లో పొడుస్తున్నాయి.

ఆమె హ్యాండిల్‌ని ఎడమకి విరిచేస్తుంది. స్కూటర్ బురదలోకి దిగి, ఒళ్ళంతా ఊగి, మళ్ళీ రోడ్డెక్కుతుంది.

"కళ్ళు నెత్తికెక్కాయా!" లారీ డ్రైవర్ అరుపు వెనక్కి జారిపోతుంది.

జవాబు చెప్పే టైమ్ లేదు.

దూరంగా, వాన చీకట్లో, రెండు గుండ్రటి ఎర్ర లైట్లు. పాత స్పోర్ట్స్ కారు. అందులో డ్రైవర్ పక్క సీట్లో నాన్న.

ఆ కారు చక్రం ఏ క్షణమైనా ఊడిపోతుంది!

స్కూటర్ యాభై దాటితే వాషింగ్ మెషీన్‌లా వణుకుతుంది. ఇప్పుడు అరవై.

"వణుకు తల్లీ... ఆగకు మాత్రం."

వర్క్‌షాపులో ఆమెని అందరూ టార్చీ అంటారు. చిన్నప్పుడు నాన్న కారు కింద దూరితే టార్చి పట్టుకునేది తనే. ఆ పేరు పెట్టింది తమ్ముడు.

వాడు పోయి మూడేళ్ళు. ఇలాంటి వానలోనే బైక్ మీద వస్తుంటే ఏదో కారు గుద్ది వెళ్ళిపోయింది. ఏ కారో తేలలేదు. కేసు మూసేశారు.

నాన్న నోరు కూడా మూతపడింది.

మళ్ళీ నాలుగు మాటలు మాట్లాడింది ఈ కారు వచ్చాకే.

ఓనర్ ఒక బిల్డర్. ఏళ్ళ తరబడి షెడ్డులో కవర్ కప్పి ఉంచిన కారు తెచ్చాడు. దాంతోపాటు ఎక్కడో దొరికిన పాత అల్లాయ్ చక్రాలు నాలుగు.

"కంపెనీవి కావు పెద్దాయనా. కానీ ఆ రోజుల్లో కుర్రాళ్ళు వీటికోసం పడి చచ్చేవాళ్ళు."

నాన్న ఆ చక్రాలతోనే కాపురం పెట్టాడు. పాత పెయింటు ఊడదీశాడు. ఎర్ర మందు పూసి పగుళ్ళు వెతికాడు. పసిపిల్లకి స్నానం చేయించినట్టు ప్రతి సందూ తోమి పాలిష్ పట్టాడు. చూసి ఆమె మురిసిపోయింది కూడా. మనిషి మళ్ళీ పనిలో పడ్డాడని!

ఇవాళ సాయంత్రం ఆమె గ్రీజు డబ్బా కోసం బజారుకెళ్ళింది. షాపులో క్యూ. ఊరికే ఫోన్లో వర్క్‌షాపు కెమెరా తెరిచింది.

నాన్న ఆఖరి చక్రం బిగిస్తున్నాడు.

ఈ చక్రాలకి చుట్టూ బోల్టులుండవు. మధ్యలో ఒకటే పెద్ద నట్టు, రెండు రెక్కలతో. సీసం సుత్తితో రెక్క మీద కొట్టి బిగించాలి. ఇరుసు కొనకి తొడిగే అడాప్టర్ మీద అది ఎక్కుతుంది. దాని మర ఎడమవైపు ఒకలా, కుడివైపు దానికి రివర్స్. కారు పరిగెత్తేకొద్దీ నట్టు ఇంకా బిగుసుకోవాలని.

అంటే ఏ వైపైనా పై రెక్కని కారు వెనకవైపుకి కొట్టాలి.

నాన్న ముందుకి కొడుతున్నాడు!

ఎడమ అడాప్టర్ కుడికి. కుడిది ఎడమకి. ఇక కారు పరిగెత్తేకొద్దీ... నట్టు వదులైపోతుంది.

'వయసు... కళ్ళు ఆనట్లేదేమో...' అనుకుంటూ పరిగెత్తుకొచ్చింది. కారు అప్పటికే బయల్దేరిపోయింది, బిల్డరే నడుపుతూ. చక్రం బిగించినవాడే మొదటి రౌండు పక్క సీట్లో కూర్చోవాలన్నది నాన్న పెట్టిన రూలే. 'పనిలో తప్పుంటే ముందు నా పళ్ళే రాలాలి' అనేవాడు.

ఫోన్ చేసింది. నాన్న ఫోన్ బల్ల మీదే మోగింది.

దాని పక్కన, నూనె గుడ్డలో, ఇత్తడి ముక్క.

తమ్ముడి బైక్ అద్దం కాడ! నాన్న లేత్ మీద స్వయంగా తీసి ఇచ్చింది. అలాంటిది ఇంకోటి లేదు. విరిగిన కొనకి అంటుకుని... ఈ కారు రంగు.

పాత చక్రాలు విప్పినప్పుడు మడ్‌గార్డ్ లోపల ఇరుక్కుని దొరికి ఉండాలి.

నాన్న కళ్ళు బాగానే ఉన్నాయి.

గంట! గంట! గంట!

రైలు గేటు పడుతోంది. ఎర్ర లైట్లు ఆగుతాయి.

ఆమె స్కూటర్ని రోడ్డు మీదే వదిలేసి పరిగెడుతుంది. కారు అద్దం మీద అరచేత్తో బాదుతుంది.

"నాన్నా! దిగు!"

అద్దం మెల్లగా కిందికి దిగుతుంది.

"ఏంటే ఇలా తడిశావు? జలుబు చేస్తుంది. ఇంటికి పో."

"దిగమంటున్నా!"

"రౌండు అవలేదుగా."

"కెమెరాలో చూశా నాన్నా."

నాన్న కళ్ళు మూసుకుంటాడు.

"నీ చదువు తగలెయ్య... ఆ కెమెరా వద్దని అప్పుడే అన్నాను."

"నువ్వూ పోతే నాకెవరున్నారు?"

"వాడు గంటసేపు బతికే ఉన్నాడట ఆ రోడ్డు మీద. ఆ గంటా వాడికెవరున్నారే?"

ఆమె నాన్న మీదుగా లోపలికి వంగుతుంది.

"సార్, ఇంజిన్ ఆపండి. ఈ చక్రాలు..."

"తారుమారయ్యాయి," అంటాడు బిల్డర్.

వైపర్ ఒకసారి వచ్చి పోతుంది.

"వయసంతా పాత కార్లతోనే గడిపానమ్మా. సుత్తి ఎటు కొట్టాలో తెలీదా? మీ నాన్న కొడుతుంటే పక్కనే నిలబడి చూశాను."

"మరి... ఎందుకెక్కారు?"

బిల్డర్ ఆమెకి కాదు, నాన్నకి చెబుతాడు.

"ఊళ్ళో ఇన్ని వర్క్‌షాపులుండగా మీ దగ్గరికే ఎందుకొచ్చాననుకున్నారు పెద్దాయనా? చెప్పేద్దామనే. వచ్చిన ప్రతిసారీ మీరు ఆ చక్రం తోముతూ కనపడేవారు. నోరు పెగల్లేదు."

నాన్న మెల్లగా అతనివైపు తిరుగుతాడు.

"ఆ రోజు ఆపాను. దిగాను కూడా. మీవాడు నా చెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా... నేనే వేళ్ళు విడదీసుకుని వచ్చేశాను."

రైలు వచ్చి పడుతుంది. ఇంకేమీ వినపడదు. బోగీల వెలుగులు నాన్న ముఖం మీద పడుతూ, పోతూ... ఆ ముఖంలో కోపం కోసం వెతుకుతుంది ఆమె. కనపడదు. మూడేళ్ళ అలసట తప్ప.

రైలు దాటిపోతుంది. గేటు లేస్తుంది.

"మీరు దిగండి," అంటాడు బిల్డర్. "ఈ రౌండు నా ఒక్కడిదే."

ఆమె తలుపు లాగుతుంది. నాన్న నడుం పట్టి బయటికి ఈడుస్తుంది. ఎముకల మూటలా వచ్చేస్తాడు.

తాళం! తాళం లాగెయ్యాలి!

చెయ్యి చాస్తుంది...

కారు ఎగిరి దూకుతుంది. తలుపు దానంతటదే మూసుకుంటుంది. పట్టాలు దాటి, ఫ్లైఓవర్ ఎక్కుతూ... సెకండ్ గేర్... థర్డ్...

"సార్! వద్దు! ఆపండి!"

నాన్న ఆమె చెయ్యి విదిలించుకుంటాడు.

పరిగెడుతున్నాడు! పట్టాల మీద చెప్పు ఊడిపోయింది. చూడడు. మోకాలు పట్టేసి మెట్లెక్కలేని మనిషి... వానలో, రోడ్డు మధ్యలో, రెండు చేతులూ ఊపుతూ.

"ఆపరా! ఆపరా నాన్నా! వదులైపోతోందిరా!"

టార్చీ నిలబడిపోతుంది.

తమ్ముణ్ణి పిలిచే గొంతు అది.

పైన నిప్పురవ్వలు. ఎర్ర లైట్లు ఒక్కసారిగా పక్కకి ఒరుగుతాయి. ఇనుము రోడ్డుని కోస్తున్న చప్పుడు... పొడుగ్గా... రెయిలింగ్ విరిగిన చప్పుడు...

తర్వాత ఏమీ లేదు.

నాన్న మాత్రం పరిగెడుతూనే ఉన్నాడు.

"ఆపరా...!"