నలభై నాలుగు మెట్లు

ఇస్నాపూర్‌లోని ఆ కిరాయి ఇంట్లో పొద్దున్నే ఎలిజబెత్ భర్త నడుముకు మందు రాస్తోంది. తలుపు దగ్గర నిలబడ్డ కూతురు హన్నాను ఇద్దరూ చూడలేదు.

"జెర మెల్లగ రాయి. బిడ్డకు ఇనబడ్తది," అన్నాడు దేవదానం, పళ్లు బిగబట్టి.

హన్నాకు ఎడమకాలు పోలియోతో చచ్చుబడింది. మందుల కంపెనీలో డబ్బాల మీద లేబుళ్లు సరిచూసే పని. అందరూ నిలబడి చేసే ఆ పనికి సూపర్‌వైజర్ వెంకటరామయ్య ఆమె కోసం స్టూలు వేయించాడు. నెల కిందట ఆ సెక్షన్‌ను రెండో అంతస్తుకు మార్చారు. అప్పటి నుంచి దేవదానం రోజూ ఆమెను వీపున మోసుకుని నలభై నాలుగు మెట్లు ఎక్కుతున్నాడు, సాయంత్రం దించుతున్నాడు.

"ఇయ్యాల్టి నుంచి నువ్వు నన్ను మొయ్యద్దు నాయినా," అంది హన్నా.

దేవదానం ఉలిక్కిపడి చొక్కా దించుకున్నాడు. "హమాలీ పని చేసినోన్ని. నువ్వు నాకు బరువా? లిఫ్టు పెట్టమంటే కంపెనోళ్లు మాతోని కాదన్నరు. మరి నేనున్న గద!"

"ఎన్నేండ్లుంటవు?"

ఆ మాటకు మందు సీసా మూత పెడుతున్న ఎలిజబెత్ చెయ్యి ఆగిపోయింది. దేవదానం కూతురి కాలు వైపు చూశాడు.

"నీకు జ్వరమొచ్చిన్నాడు కూలి పోతదని దవాఖానకు తీస్కపోలే బిడ్డా. తెల్లారి పోదాం తియ్యి అన్న. తెల్లారేసరికి కాలు..." ఇరవై రెండేళ్లుగా దాచుకున్న మాట అది. అంత పెద్దమనిషీ వెక్కివెక్కి ఏడ్చాడు.

హన్నా కింద కూర్చుని అతని చేతులు పట్టుకుంది. "నేనెప్పుడన్న నిన్ను అన్ననా? నా కాలు సంగతి అందరు మాట్లాడుతరు. నాకేం గావాల్నో ఒక్కలన్న అడిగిండ్రా?"

"ఏం గావాలె, చెప్పు," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

ఆ రోజు కంపెనీలో మెట్ల కిందే నిలబడి వెంకటరామయ్యతో ఆమే మాట్లాడింది. "డబ్బాలు లారీకెక్కియ్యనీకి ఎట్లైనా కిందికే వస్తయి గద సార్. సీలేసే ముందు గీడనే చూస్త."

ఆయన లారీల వైపు చూశాడు. "వారం చూద్దామమ్మా. కానీ క్యాంటీన్ పైనే ఉంది. దాన్ని దించడం నా చేతిలో లేదు."

"తెల్సు సార్."

సాయంత్రం గేటు దగ్గర దేవదానం సైకిల్‌తో ఎదురుచూస్తున్నాడు.

"తిన్నవా బిడ్డా?"

"తిన్న. ఒక్కదాన్నే. అందరు పైకి పోయిండ్రు."

"బాధయిందా?"

"అయింది." ఆమె నవ్వింది. "అయినా రేపు వస్త. ఇయ్యాల మూడు వందల డబ్బాలు చూసిన. ఒక్కటి తప్పు పోలే."

అలవాటుగా ఆమెను ఎత్తి కూర్చోబెట్టబోయి దేవదానం ఆగాడు. సైకిల్‌ను రెండు చేతులతో కదలకుండా పట్టుకున్నాడు. హన్నా అతని భుజం ఆసరా చేసుకుని, కొంచెం ఆలస్యంగానే, తనంతట తానే ఎక్కింది.