ధాత్రి చెవిలోని గొంతు

2074 ఆగస్టులో ఒక ఉదయం. కాకినాడ మెయిన్ రోడ్డు మీద ఇడ్లీ బండి చుట్టూ నలుగురు నిలబడి తింటున్నారు. వాళ్ళలో ఒకాయన నములుతూనే, "ఈ సముద్రపు నీళ్ళు తాగిన పిల్లలకి ఎముకలు మెత్తబడిపోతన్నాయంటండి. మా తోడల్లుడు చెప్పేడు" అన్నాడు.

మిగతా ముగ్గురూ, బండి యజమానీ తలలు కొద్దిగా పక్కకి వంచారు. చిన్న శబ్దాన్ని పట్టుకోవాలనుకునేవాళ్ళు వంచినట్టు. నాలుగు క్షణాలు గడిచాయి.

"అదేం లేదంటండి," అన్నాడు బండి యజమాని చట్నీ వడ్డిస్తూ. "పదిహేనేళ్ళుగా బళ్ళలో ఎముకల కొలతలు తీస్తన్నారంట. తేడా ఏం లేదంట."

మొదట చెప్పినాయన కూడా చెవి వెనక వేలు ఆనించి విన్నాడు. "అలాగా" అని ఇంకో రెండిడ్లీలు వేయించుకున్నాడు. ఆ మాట అక్కడితో సరి.

బండికి నాలుగడుగుల దూరంలో నిలబడి ఇదంతా చూసిన జశ్వంత్‌కి సంతోషం కలగాలి. కానీ చేదుగా అనిపించింది. ఉప్పాడ దగ్గర సముద్రపు నీటిలోంచి ఉప్పు తీసి ఊరికి పంపే కర్మాగారం మొదలైననాటి నుంచీ ఆ ఎముకల వదంతితో పోట్లాడినవాడు తను. వదంతుల నివారణ కేంద్రంలో ముప్ఫై ఏళ్ళ ఉద్యోగం అతనిది. వీధివీధికీ తిరిగి పటాలు చూపించాడు, ప్రయోగాలు చేశాడు, గొంతు పోయేదాకా వాదించాడు. గెలిచిన వాదనలు వందల్లో ఉంటాయి. మనసు మార్చుకున్నవాళ్ళు ఎందరంటే మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టాలి. ఇప్పుడేమో వేలెడంత లేని పరికరం ఇడ్లీ చల్లారేలోపు ఆ పని ముగించేసింది.

ఆ పరికరం పేరు చెవితోడు. చేసింది హన్విక. అతనితో కలిసి చదువుకున్నది, అతనితో పాటే ఉద్యోగంలో చేరింది. పదేళ్ళు వీధులు తిరిగి, "ఇలా కాదు జశ్వంత్" అని ప్రయోగశాలకి వెళ్ళిపోయింది.

అక్కడ ఆమె తెలుసుకున్నది ఒక్క సంగతి: మనిషి ముందు గొంతును నమ్ముతాడు, మాటను ఆ తర్వాతే. ఆ ఒక్క సంగతి మీదే చెవితోడు నిలబడింది. గవ్వంత ఉండే ఆ పరికరాన్ని చెవి వెనక ఎముకకి అంటిస్తారు. చుట్టుపక్కల ఎవరైనా ప్రజా రికార్డుల్లో సరిచూడదగిన మాట ఏదైనా తప్పుగా చెబితే, అసలు సంగతేమిటో బోన్ కండక్షన్ ద్వారా, అంటే ఎముక గుండానే, పెట్టుకున్నవాళ్ళకి మాత్రమే వినిపించేలా చెబుతుంది. అత్తాకోడళ్ళ తగువుల్లో, ఎవరి మనసులో ఏముందన్న విషయాల్లో అది తలదూర్చదు.

అసలు కిటుకు పరికరాన్ని మనిషికి తగ్గట్టు సరిచేసే కాలిబ్రేషన్‌లో ఉంది. మొదటి రోజు ఆ మనిషి ఇంట్లో దాచుకున్న పాత రికార్డింగుల్లోంచి ముప్ఫై నలభై గొంతులు వినిపిస్తారు. అమ్మ, పంతులమ్మ, పాత స్నేహితుడు, ఎవరైనా కావచ్చు. వింటున్నప్పుడు నాడి వేగాన్నీ చర్మపు చెమ్మనీ కంటిపాపనీ కొలుస్తారు. ఏ గొంతు వినగానే ఒళ్ళు నెమ్మదిస్తుందో, హన్విక మాటల్లో చెప్పాలంటే ఎక్కడ 'నమ్మిక స్పందన' గరిష్ఠంగా ఉంటుందో, ఆ గొంతునే చెవితోడు తెచ్చుకుంటుంది. అది ఎవరిదో పెట్టుకున్నవాళ్ళకి తప్ప మరొకరికి తెలియక్కర్లేదని చట్టం.

జశ్వంత్ అది పెట్టుకోలేదు. అతని భార్య ధాత్రి పెట్టుకుంది.

ధాత్రి కోరింగ దగ్గర మడ మొక్కల నర్సరీలో పనిచేస్తుంది. తెలివైన మనిషే. అయినా పదిహేనేళ్ళుగా కుళాయి నీళ్ళు గుక్కెడు కూడా తాగలేదు. వాననీళ్ళు పట్టి, వడగట్టి, కాచి తాగేది. జశ్వంత్ ఎన్ని పరీక్షల కాగితాలు బల్ల మీద పరిచినా, "మీరు చెప్పేది నిజమేనేమో. నాకెందుకో దిగదండి" అనేది. ఊరందరి అపోహలూ తీర్చే మనిషి ఇంట్లోనే ఇలా ఉందని ఆఫీసులో చాటుగా నవ్వుకునేవాళ్ళని అతనికి తెలుసు.

చెవితోడు పెట్టుకున్న రెండో రోజు ధాత్రి వంటింటి కుళాయి తిప్పి, గ్లాసు నింపి, నిలబడి తాగేసింది.

"ఏమైంది ఇవాళ?" అన్నాడు జశ్వంత్.

"ఏం లేదు. బానే ఉన్నాయి నీళ్ళు."

"నేను పదిహేనేళ్ళుగా చెబుతోంది అదే కదా."

"అవును, చెప్పేరు" అంది ధాత్రి గ్లాసు కడుగుతూ.

"ఎవరి గొంతు వచ్చింది నీకు?"

ఆమె వెనక్కి తిరగలేదు. కానీ మెడ మీదుగా నవ్వు పాకడం అతనికి కనబడింది. "చెప్పక్కర్లేదంట కదండీ."

ఆ రోజు నుంచి జశ్వంత్ మనసు మనసులో లేదు. వాళ్ళ నాన్నదై ఉంటుందని మొదట సర్దిచెప్పుకున్నాడు. కానీ తండ్రి గొంతు విన్నప్పుడు ఆడమనిషి ముఖం అలా విచ్చుకోదు. చెవితోడు మాట్లాడుతున్నప్పుడల్లా ధాత్రి చేస్తున్న పని ఆపేసేది. కళ్ళు సగం వాల్చేది. పెదవి చివర చిన్న కదలిక. ఆ ముఖాన్ని అతను చూసి ఇరవై ఏళ్ళు దాటింది.

నర్సరీలో మన్విత్ అని పెద్ద అధికారి ఉన్నాడు. మెత్తగా, సాగదీస్తూ మాట్లాడతాడు. కిందటేడు నర్సరీ వార్షికోత్సవంలో అతను ఉపన్యాసం ఇస్తుంటే ధాత్రి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నది. ఈ మధ్య ఆమె పావుగంట ముందే బయల్దేరుతోంది. ఆకుపచ్చ చీర రెండుసార్లు కట్టింది. కూనిరాగం తీస్తోంది. ఇవన్నీ జశ్వంత్ ఒకదాని పక్కన ఒకటి పేర్చుకున్నాడు. నచ్చిన ముక్కలు ఏరుకుని, నచ్చనివి వదిలేసి జనం వదంతిని ఎలా కట్టుకుంటారో కాలేజీల్లో పాఠాలు చెప్పినవాడే. ఈ ముక్కలు మాత్రం అతనికి గట్టివిగా తోచాయి.

వారం తర్వాత, మధ్యాహ్నం మూడింటికి, హన్విక ప్రయోగశాలకి వెళ్ళాడు. ఆమె అప్పుడే క్యారేజీ విప్పుకుంటోంది.

"చట్టంలో ఒక లోపం ఉంది," అన్నాడు కూర్చుంటూనే. "పెళ్ళాం చెవిలో ఎవరి గొంతుందో మొగుడికి కూడా తెలియకూడదంటే ఎలా?"

"మొగుడికి కూడా ఏంటి, ముఖ్యంగా మొగుడికే" అంది హన్విక. అతను నవ్వకపోవడం చూసి స్పూను కింద పెట్టింది. "ధాత్రి ఏమైనా అందా?"

"ఏమీ అనలేదు. అదే కదా."

"నువ్వెందుకు పెట్టుకోలేదు ఇన్నాళ్ళూ?"

"నాకక్కర్లేదు. నేను ఆధారం చూస్తాను, గొంతు కాదు."

"మరి ఇప్పుడు ఏ ఆధారం చూసి వచ్చావ్?"

జశ్వంత్ ఆమె గోడల మీది ప్రశంసాపత్రాల వైపు చూశాడు. ఊళ్ళోవాళ్ళందరినీ ఈమె లాగేసుకుంది, చివరికి ఇంట్లో మనిషిని కూడా, అనుకున్నాడు.

"ఆ గొంతు ఎవరిదైనా, చెబుతున్నది నువ్వు చెప్పిన నిజమే కదా జశ్వంత్. ఊరుకో" అంది హన్విక. ఆమెకి మీటింగు ఉంది, వెళ్ళిపోయింది.

అతను ఊరుకోలేదు. అదే భవనంలో కింది అంతస్తులో చెవితోడు భద్రతా సంఘం గది ఉంది. వదంతుల నిపుణుడిగా ఆ సంఘంలోని ఐదుగురు సభ్యుల్లో తనూ ఒకడు. గదిలో ఎవరూ లేరు. రికార్డులు చూసే యంత్రం అతని ముఖాన్ని గుర్తుపట్టింది. అతను ధాత్రి పేరు చెప్పాడు.

"ఫిర్యాదు సంఖ్య చెప్పండి" అంది యంత్రం.

"ఫిర్యాదు లేదు."

"ఫిర్యాదు లేనప్పుడు సభ్యులు సొంత బాధ్యత మీద ఫైలు తెరవవచ్చు. ఆ వివరం ప్రజా రిజిస్టరులో నమోదవుతుంది. ఫైలు ఎవరిదో వారికి ఈరోజే కబురు వెళుతుంది. తెరవమంటారా?"

ఆలోచించుకోవడానికి యంత్రం అతనికి కావలసినంత వ్యవధి ఇచ్చింది. అప్పుడు సమయం మూడుంబావు. ధాత్రికి కబురు అందితే ఏదో ఒకటి చెప్పవచ్చులే అనుకున్నాడు. "తెరువు" అన్నాడు.

ఎంపికైన గొంతు: జశ్వంత్. బంధుత్వం: భర్త. రికార్డింగు సంవత్సరం: 2046.

రెండుసార్లు చదివాడు. గుండె మీంచి ఏనుగు లేచినట్టయింది. మన్విత్ మీద ఒక్కసారిగా జాలి, అభిమానం కూడా పుట్టుకొచ్చాయి. నవ్వుకుంటూ, నమూనా వినిపించమన్నాడు.

2046 తుఫాను. తాళ్ళరేవు బళ్ళో సహాయ శిబిరం. వాన చప్పుడు. శిబిరంలో పిల్లలకి వేస్తున్న కలరా చుక్కల వల్ల సంతానం కలగదని పుకారు లేచింది అప్పట్లో. ఎవరో తల్లి భయంభయంగా అడుగుతోంది. ఒక కుర్ర గొంతు తొందరేమీ లేకుండా జవాబు చెబుతోంది.

"భయపడ్డం తప్పేం కాదమ్మా. ఈ చుక్కల గురించి నాకు తెలిసింది మొత్తం చెప్పేను. తెలియనిది కూడా కొంత ఉంది, అదీ ఒప్పుకుంటాను. ముందు నేను వేసుకుంటాను. మీ దగ్గరే కూర్చుంటాను. మీకు కుదిరినప్పుడే బాబుకి వేద్దాం. కుదరకపోతే రేపు మళ్ళీ మాట్లాడుకుందాం."

రికార్డు చేస్తున్న మనిషి మెల్లగా నవ్విన చప్పుడు. అది ధాత్రి. అప్పటికి పెళ్ళయి ఏడాది. ఆమె అది రికార్డు చేసిందని కానీ, ఇరవై ఎనిమిదేళ్ళు దాచుకుందని కానీ అతనికి తెలియదు.

ఇంకోసారి విన్నాడు. మూడోసారి వింటుండగా మొహంలో నవ్వు పోయింది. ఎవడు వీడు? తెలియదని ఇంత సులువుగా ఒప్పుకునేవాడు, ఎదుటివాళ్ళు ఓడిపోవాలని ఎదురుచూడనివాడు. పదిహేనేళ్ళలో ధాత్రితో ఒక్కరోజైనా తను ఇలా మాట్లాడాడా? కాగితాలు బల్ల మీద కొట్టడం గుర్తుంది. ఆమె తల దించుకుంటే తనకి కలిగిన తృప్తి గుర్తుంది. మన్విత్‌తో అయితే ఎదురుగా వెళ్ళి తేల్చుకునేవాడు. వీడితో తేల్చుకోవడం ఎలా? వీడు రోజంతా ఆమె ఎముకని ఆనుకుని ఉంటాడు, అలసిపోడు, విసుక్కోడు. తనకి చూపించని ముఖాన్ని ఆమె వీడికి చూపిస్తోంది. లోపల రాజుకున్న మంట ఇందాకటి కన్నా ఎక్కువగా ఉంది.

ఇంటికి వెళ్ళేసరికి సాయంత్రం ఐదున్నర. ధాత్రి హాల్లో చాప మీద కూర్చుని గోరుచిక్కుడు కాయలు తుంచుతోంది.

"నా ఫైలు ఎవరో తెరిచేరంటండి. కబురు వచ్చింది" అంది.

దారంతా అతను అనుకున్నవి వేరు. నేనే తెరిచాను, అనుమానపడ్డాను, తప్పయింది అని చెబుదామనే అనుకున్నాడు. కానీ ఆమె చెవి వెనక ఆ గవ్వ కనబడగానే నాలుక తిరగబడింది.

"అదా. సంఘం వాళ్ళు ప్రతి నెలా కొన్ని ఫైళ్ళు లాటరీ తీసి చూస్తారు. భద్రత కోసం. ఈసారి నీది తగిలి ఉంటుంది. కంగారేం లేదు."

ధాత్రి చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. తల కొద్దిగా పక్కకి వాలింది. కళ్ళు సగం వాలాయి. లోపల ఎవరు మాట్లాడుతున్నారో, ఎంత నెమ్మదిగా మాట్లాడుతున్నారో ఇప్పుడు జశ్వంత్‌కి తెలుసు. పక్కింటి కుక్కర్ కూత వేసి ఆగింది.

"ఏమంటోంది?" అన్నాడు.

"లాటరీ ఏం లేదంట. సంఘం అలాంటివేం తియ్యదంట." ఆమె గొంతులో కోపం లేదు. "మూడుంబావుకి మీరే తెరిచేరంట, సొంత బాధ్యత మీద."

"రిజిస్టర్లలో పొరపాట్లు మామూలే ధాత్రీ. నీకు తెలియదు. యంత్రం చెప్పిందల్లా పట్టుకుంటే ఎలా?"

"యంత్రం కాదండి. ఆయన చెప్పేరు. ఆయన ఎప్పుడూ నాకు అబద్ధం చెప్పలేదు."

ఇరుగుపొరుగుతో, చుట్టాలతో ఇరవై తొమ్మిదేళ్ళుగా ధాత్రి 'ఆయన' అంటే జశ్వంతే. అతను చాప అంచున కూర్చున్నాడు. ఆ గొంతుతో, ఆ తాపీతో ఒక్క మాటైనా మాట్లాడాలనిపించింది. గొంతు సవరించుకుని, "చూడు, అసలు జరిగిందేమిటంటే" అని మొదలుపెట్టాడు. కాలేజీల్లో పాఠం చెప్పే గొంతే వచ్చింది, పైస్థాయిలో, తొందరతొందరగా.

ధాత్రి చెయ్యి కొద్దిగా పైకెత్తి అతన్ని ఆపింది.

"ఒక్క నిమిషం ఉండండి. ఆయన ఇంకా చెబుతున్నారు."