మొండిగోడ దగ్గర అడిగినవాడు

కొండ మీద చివరి ఎత్తు ఎక్కబోయే ముందు ఒక మొండిగోడ ఉంది. ఒకప్పుడు గొర్రెల కాపరి గుడిసె. ఇప్పుడు కప్పు లేదు, తలుపు లేదు, మిగిలింది ఆ గోడే. చలికాలం పొద్దువాలేవేళ అక్కడ కూర్చుంటే ఎవరో వచ్చి "పైన ఎలా ఉంది?" అని అడుగుతారట. జవాబు చెప్పకూడదట. చెప్పామా... ఇక వదలరట.

నవ్వకండి. తడిసిన తొడుగులు పొయ్యి పక్కన ఆరేసుకోండి, చెప్తాను. ఈ గాలి తగ్గేదాకా మీరు మాత్రం ఎక్కడికి పోతారు?

మా చెల్లెలి భర్త, అంటే మా బావ, అప్పట్లో ఈ కొండ సంగతి రాసే ఉద్యోగం చేసేవాడు. చలికాలమంతా రోజూ శిఖరం దాకా ఎక్కాలి. కర్ర గుచ్చి మంచు లోతు చూడాలి, అది మెత్తగా ఉందో గడ్డకట్టిందో బూటుతో తన్ని చూడాలి, గాలీ చలీ ఎంతున్నాయో రాసుకోవాలి. దిగొచ్చి కింద బోర్డు మీద సుద్దతో రాయాలి. నడవడానికొచ్చేవాళ్ళు అది చదివే అడుగు ముందుకేస్తారు.

ఆరోజు అతనికి ఒళ్ళు వెచ్చగా ఉంది. వద్దంటే వినలేదు. ఆలస్యంగా బయల్దేరి మొండిగోడ చేరేసరికి మూడు దాటింది. పొగమంచులో చాచిన చెయ్యి కనబడటం లేదు. ఒక్క రాత్రిలో ఏం మారుతుందిలే అనుకున్నాడు. గోడకి ఆనుకుని కూర్చుని, నిన్న రాసిందే మళ్ళీ పుస్తకంలో దించేశాడు — మెత్తటి మంచు, నడవొచ్చు.

అప్పుడు... వెనక చప్పుడు. కరకరమని మంచు తొక్కుతూ ఎవరో వస్తున్నారు.

ముక్కుదాకా మఫ్లర్ చుట్టుకున్న ఆకారం గోడ పక్కన ఆగింది. మొహం కనబడలేదు. రొప్పుతూ, గొంతు తగ్గించి అడిగింది.

"పైన ఎలా ఉందండీ?"

"మెత్తగానే ఉంది, వెళ్ళొచ్చు" అన్నాడు మా బావ. తను వెళ్ళలేదని చెప్పడానికి సిగ్గేసింది, అంతే.

ఆకారం తలూపి పొగమంచులో కలిసిపోయింది. కరకర... కరకర... తర్వాత బర్రున గీసుకుపోయిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

గోడ గురించి జనం చెప్పే మాట అప్పుడు గుర్తొచ్చింది అతనికి. అయినా లేచి పరిగెత్తాడు. ముప్ఫై అడుగులదాకా బూట్ల గుర్తులున్నాయి. ఆపైన లేవు. రాత్రి చినుకు పడి గడ్డకట్టినట్టుంది, వాలంతా గాజులా నున్నగా ఉంది. ముళ్ళ బూట్లు లేకుండా దాని మీద ఎవరూ నిలబడలేరు. కింద లోయ.

కేకలేశాడు. చీకటి పడేదాకా అరిచాడు. బదులు లేదు. పాకుతూ దిగొచ్చి ఇదిగో, ఈ గదిలోనే కూలబడ్డాడు.

మూడురోజులు వెతికాం. రెండో రోజు నుంచి కొత్త మంచు పడింది. బసల్లో అడిగాం, బస్సువాళ్ళని అడిగాం. తప్పిపోయినవాళ్ళు ఎవరూ లేరు. ఎవరి కోసమూ ఎవరూ రాలేదు. "ఇంకేముంది, గోడ దగ్గరిదే" అన్నారందరూ.

మా బావ మాత్రం నిద్రపోలేదు. తిండి సహించలేదు. రోజూ నా చెయ్యి పట్టుకుని అదే అడిగేవాడు.

"దెయ్యమే అంటావా బావా? దెయ్యం 'అండీ' అంటుందా?"

మనిషి కళ్ళ ముందే కరిగిపోతుంటే చూస్తూ కూర్చున్నాను. లోకమంతా దెయ్యం ఉండకూడదని మొక్కుకుంటుంది. ఈయన ఒక్కడే, అది దెయ్యమే అయ్యుండాలని మొక్కుకున్నాడు. చివరికి మా చెల్లెలు అతన్ని వాళ్ళ అత్తగారి దగ్గరికి తీసుకుపోయింది.

వాళ్ళు వెళ్ళిన నెలకి మంచు కరిగింది. లోయలో ఒక మనిషి దొరికాడు. మఫ్లర్ అలాగే ఉంది. జేబులో కాగితం ముక్క కూడా లేదు. నలభై ఏళ్ళుంటాయేమో. ఎవరూ లేని మనిషి కాబోలు. మేం నలుగురమే మోసుకొచ్చి పూడ్చాం. మా బావకి చెప్పాలా వద్దా అని మొహమొహాలు చూసుకున్నాం.

ఊరి నుంచి తిరిగొచ్చాక మా బావ అడిగాడు, "మంచు కరిగిందిగా, ఏమైనా దొరికిందా?" అని.

"ఏమీ లేదు. దెయ్యమే" అన్నాను. చిన్నపిల్లాడిలా ఏడ్చి, ఆపూట కడుపునిండా తిన్నాడు. నాకే ముద్ద దిగలేదు.

అదిగో, గుమ్మంలో బూట్లు దులుపుకుంటున్నాడు. వచ్చి మీ పక్కనే కూర్చుంటాడు. కొత్తవాళ్ళు కనబడితే చాలు, ఈ కథే చెప్తాడు. మీకు తెలిసినట్టు బయటపడకండి. కథ అయ్యాక ఒక్కొక్కరి మొహంలోకీ చూస్తాడు... అప్పుడు కాస్త భయపడండి. అది దెయ్యమేనని మీరు కూడా అనండి. నా ఒక్కడి మాట ఇప్పుడు అతనికి చాలడం లేదు.