అడగని నేల

గొట్టాల్లో చేరిన గాలి తీసెయ్యాలి. పంపు చప్పుడు చెవి పెట్టి వినాలి. జల్లెడ విప్పి తుప్పు కడగాలి. థర్మామీటరు అబద్ధం చెబుతోందేమో ఇంకో థర్మామీటరు పెట్టి సరిచూడాలి. నేల మీద ఎవరైనా మందపాటి బొంత పరిచి వేడిని కప్పేశారేమో గదిగదికీ వెళ్లి చూడాలి.

చల్లబడిన నేల మళ్లీ వేడెక్కడానికి ఆలస్యం చేస్తుంటే చెయ్యవలసిన పనులివి. ఇంజనీరు పరిమళ ఈ వారంలో అన్నీ చేసింది. నేల మాత్రం తన తీరు మార్చుకోలేదు. ఇప్పుడు అదే నేల మీద, తెరుచుకోని తలుపు ముందు, ఆమె నిలబడి ఉంది.

ఆ ఊరు కుజగ్రహం మీద ఉంది. పేరు కుజపాలెం. ఊరంటే ఎర్రమట్టి కింద పూడ్చిన కొన్ని గదులు, ఒక అణుపొయ్యి, వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత జనం. పొయ్యి దగ్గర కాగిన నీళ్లు ప్రతి గది నేలలోనూ మెలికలు తిరిగిన గొట్టాల్లో ప్రవహిస్తాయి. అక్కడి వాళ్లకి ఆ నేలే దుప్పటి, ఆ నేలే ఎండ.

బయట తిరిగి వచ్చినవాళ్లు ముందు బయటిగదిలో ఆగాలి. లోపలి తలుపు చుట్టూ ఉన్న రబ్బరు చలికి కట్టెలా బిగుసుకుంటుంది. ఆ స్థితిలో తలుపు తీస్తే రబ్బరు పగిలి ఊరి గాలంతా బయటికి పోతుంది. అందుకే బయటిగది నేల వేడెక్కి, రబ్బరు మెత్తబడితే తప్ప తాళం వదలదు. ఇదివరకు వేడి టీ తాగేంత సేపట్లో వదిలేది. ఇవాళ పరిమళ, బండి నడిపే సత్తన్న లోపలికొచ్చి హెల్మెట్లు తీసి చాలాసేపైంది. బయట దుమ్ముతుఫాను. బండిలో చార్జి లేదు. గదిలో ఉన్న గాలి తప్ప వేరే గాలి లేదు. తలుపు పక్కన గాలి ముల్లు ఎరుపు వైపు జరుగుతోంది.

"ఏందమ్మా గిది? సొంతింటి గుమ్మంల నిలబెట్టి సంపుతదా?" అన్నాడు సత్తన్న. నవ్వాడు గానీ పళ్లు టకటకలాడాయి.

స్పీకరులో ఊరిపెద్ద లోకనాథం గారి గొంతు వినిపించింది. "అమ్మా, లోపలా చల్లగానే ఉంది. అందరం స్వెటర్లేసుకుని కూర్చున్నాం. మేమేమైనా చెయ్యగలమా?"

"ఏం లేదండీ. అడుగు తెరవాలి."

ఆ నేలకొక మెదడుంది. దాని పేరే అడుగు. తయారుచేసినవాళ్లు తెలుగువాళ్లు కావడంతో ముచ్చటపడి పెట్టుకున్న పేరు. కాళ్ల అడుగున ఉంటుంది, అడుగుల బరువు తెలుసుకుంటుంది, అన్నిటికీ మించి నోరు తెరిచి అడుగుతుంది. ప్రతి గదిలోనూ "చలిగా ఉందా?" అని అడిగి, వచ్చిన జవాబును బట్టి గదులన్నీ తమలో తాము బేరమాడుకుని వేడి పంచుకుంటాయి. చేత్తో తిప్పే వాల్వు ఒక్కటీ పెట్టలేదు. ఎవరైనా దొంగచాటుగా తమ గదికి ఎక్కువ తిప్పుకుంటారని భయం.

"చలిగా ఉందా?" అంది నేల, మర్యాదగా.

"ఫర్వాలేదు, నీ పని చూడు" అంది పరిమళ అలవాటుగా.

"నాకేం గాదు. బిడ్డకు పెట్టు" అన్నాడు సత్తన్న, పరిమళను చూపిస్తూ.

ఆమె వేళ్లు మొద్దుబారాయి. గోడలోని పెట్టె మూత తీసి, లోపలున్న గొట్టాల్ని రెండు చేతులా పట్టుకుంది. ఒకటి గదులకు వెళ్లే గొట్టం, ఇంకొకటి తిరిగొచ్చేది. రెండూ చురుక్కుమన్నాయి. ఒక్క క్షణం సుఖంగా అనిపించింది. మరుక్షణం ఆమె తిరిగొచ్చే గొట్టాన్ని మళ్లీ తడిమి చూసింది. వెళ్లే నీళ్లు వేడిగా ఉండాలి. తిరిగొచ్చే నీళ్లు చల్లారి ఉండాలి. ఈ వారమంతా ఆమె వెళ్లే గొట్టాన్నే చూసింది. వెళ్లిన వేడి వెళ్లినట్టే తిరిగొస్తోందంటే, ఊళ్లో ఒక్క గది కూడా దాన్ని తీసుకోవడం లేదు.

"అడుగూ, వేడి ఎవరికిస్తున్నావు?"

"వంటగదికి ఇవ్వబోయాను. ముందు పడకగదికి ఇవ్వమంది. పడకగది, ముందు బయటిగదికి ఇవ్వమంది. బయటిగది, ముందు వంటగదికి ఇవ్వమంది."

సత్తన్న నోరు తెరిచాడు. "పెండ్లి బంతిల మనోళ్లు గిట్లనే గద! మీరు కూసోండ్రి, గాదు మీరు కూసోండ్రని, సివరికి అన్నం సల్లారిపాయె."

"ఈ మొహమాటం నీకెవరు నేర్పారు?" అంది పరిమళ.

"ఏడాదికోసారి అన్నిటికన్నా మంచి గది అలవాటును మిగతా గదులకు నేర్పుకోవాలని నియమం. తక్కువ అడిగేదే మంచి గది. ఈసారి వజ్రమ్మ గారి గది."

వజ్రమ్మ గారు ఊరికి గోంగూర, బచ్చలి పెంచి పెట్టిన పెద్దావిడ. ఊపిరితిత్తులకు నిమ్ము చేరి ఈమధ్యనే చనిపోయారు. సంతాపసభలో లోకనాథం గారు "ఆ తల్లి ఒక్కనాడు మనల్ని ఏమీ అడగలేదు" అంటే అందరూ చప్పట్లు కొట్టారు. పరిమళ కూడా కొట్టింది.

"ఆవిడకి చలి వెయ్యలేదా?"

"కాళ్లు వణికేవి. నోరు మాత్రం 'ఫర్వాలేదు, వాళ్లకివ్వు' అనేది. మనిషి మాటకే గౌరవమివ్వమని నాకు చెప్పారు."

ముల్లు ఎరుపును తాకింది.

పరిమళ గొంతు సవరించుకుంది. అందరూ వింటున్నారని తెలిసి, ఆ చలిలోనూ చెవులు వేడెక్కాయి. "నాకు చలిగా ఉంది. వేడి కావాలి. ముందు నాకే."

"లోపలివాళ్లకు తగ్గుతుంది. ఫర్వాలేదా?"

"తగ్గనీ!"

నేలలో ఎక్కడో సన్నగా నీళ్ల చప్పుడైంది. అంతలోనే ఆగింది. "గదిలో ఇద్దరున్నారు. ఒకరు కావాలన్నారు. ఒకరు వద్దన్నారు."

"సత్తన్నా, అడగండి."

"గంతమంది ముంగట ఏమడుగుతనమ్మా? ఎన్నడన్న అడిగిన్నా?"

"మీరు అడక్కపోతే నేనూ పోతాను."

సత్తన్న తలుపు వైపు చూశాడు, ఆమె నీలిపెదవుల వైపు చూశాడు, చివరికి తన బూట్లకేసి చూస్తూ, తప్పు ఒప్పుకుంటున్న పిల్లవాడిలా అన్నాడు: "సలి పెడ్తాంది తల్లీ. మస్తు సలి పెడ్తాంది."

నీళ్లు గలగలమంటూ కాళ్ల కిందికి వచ్చాయి. ముల్లు అడుగంటేలోపే తాళం వదిలింది.

ఆ సాయంత్రం అడుగుకు కొత్త నియమం పెట్టారు: నోటిని కాదు, కాళ్లను నమ్ము. పెట్టిన వెంటనే గదులన్నీ ఒక్కసారే వేడి అడిగాయి. అడుగు ఎంత పంచినా ఏ గదీ వెచ్చబడలేదు. పరిమళ లెక్క వేసి చూసి, కాగితం మీద తల పెట్టుకుని కూర్చుంది. పొయ్యి ఊరికి చాలదు. మొదటినుంచీ చాలలేదు. ఇన్నాళ్లూ తక్కువపడిన ఆ కాస్త వేడినీ తన నేలలోంచి తీసి ఇచ్చింది వజ్రమ్మ గారు.

"మరిప్పుడు?" అన్నారు లోకనాథం గారు.

సత్తన్న లేచి, తన పరుపు చుట్టి భుజానేసుకుని వంటగదిలోకి నడిచాడు. ఒకరి తర్వాత ఒకరు వెళ్లారు. ఉన్న వేడి ఒక్క గదికైతే చాలుతుంది. ఊరంతా ఆ ఒక్క గదిలో, మోచేతులు తగిలేంత ఇరుకులో, భూమి నుంచి ఇంకో పొయ్యి తెచ్చే ఓడ కోసం ఎదురుచూస్తూ పడుకుంటోంది. తుఫాను ఇంకా తగ్గలేదు.

ఇది చదువుతున్న మీ ఇంట్లో కూడా ఫర్వాలేదు అనేవాళ్లు ఒకరుండే ఉంటారు. ఈసారి ఆ మాట అన్నప్పుడు వాళ్ల పాదాలు ముట్టి చూడండి. చల్లగా తగిలితే, కుజపాలెంలో గోంగూర పెంచిన వజ్రమ్మ గారిని ఒక్కసారి తలుచుకోండి.